అడగడం కూడా ఒక చదువే



కాలేజీలు తెరిచే రోజులు వచ్చాయంటే మన గ్రామాల్లో కొన్ని ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. కొత్త బకెట్టు, దుప్పటి, ఆవకాయ సీసా, సర్టిఫికెట్ల ఫైలు సర్దుకొని బిడ్డలు దూరపు విశ్వవిద్యాలయాలకు బయలుదేరతారు. వెళ్లేముందు తల్లిదండ్రులు వారిని మా ఇంటికి తీసుకొనివస్తారు. ప్రార్థన అయిన తరువాత తండ్రి తప్పకుండా ఒక మాట అంటాడు: "గొడవల్లో తల దూర్చకు. నీ చదువేదో నువ్వు చదువుకొని రా."

ఆ మాటలో ఉన్న ప్రేమ మాకు తెలుసు. అప్పు చేసి పంపిన బిడ్డ క్షేమంగా తిరిగి రావాలని ఏ తండ్రి కోరుకోడు? అయితే వెళ్లిన నెలకే ఆ బిడ్డకు కొన్ని సంగతులు ఎదురవుతాయి. హాస్టలు కుళాయిలో ఉదయం ఆరున్నరకే నీళ్లు ఆగిపోతాయి. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. గ్రంథాలయములో కావలసిన పుస్తకము ఒక్కటే ఉంటుంది, దానికోసం నలభై మంది ఎదురుచూస్తుంటారు. గొడవ చేయకూడదు, సరే. మరి నోరు మూసుకొని రెండేళ్లు గడపవలసిందేనా? ఈ రెంటికీ మధ్య ఇంకొక దారి ఉన్నది. తమకు ఏమి కావాలో విద్యార్థులు తామే ప్రతిపాదించి, తామే ఓటు వేసి నిర్ణయించి, అధికారుల ముందు పెట్టే దారి అది. ఈ నెల దానిని గూర్చి మన కుటుంబములతో మాట్లాడాలని ఆశపడుతున్నాము.

మొదట తల్లిదండ్రుల భయమును గూర్చి చెప్పాలి. అది ఊరికే పుట్టిన భయము కాదు. ఒకప్పుడు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘ ఎన్నికలంటే కర్రలు, కత్తులు, కేసులు గుర్తుకు వచ్చేవి. 1980వ దశకము చివరిలో ఆ ఎన్నికలు ఆగిపోయాయి. దేశమంతటా ఇదే చర్చ నడిచిన తరువాత, సుప్రీంకోర్టు ఆదేశముపై ప్రభుత్వము పూర్వపు ప్రధాన ఎన్నికల కమిషనరు జె.ఎం. లింగ్డో గారి అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. 2006లో వారు నివేదిక ఇచ్చారు. ఒక్కొక్క అభ్యర్థి 5,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదనీ, అచ్చువేసిన పోస్టర్లు వాడకూడదనీ, అభ్యర్థికి కనీసము 75 శాతము హాజరు ఉండాలనీ అందులో ఉన్నది. అంటే ఎన్నికలు చెడ్డవని వారు చెప్పలేదు. డబ్బు, దౌర్జన్యము అందులోనుండి తీసివేయాలని చెప్పారు.

ఇంకొక సంగతి ఆలోచించండి. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో మన దేశములో ఓటు వయస్సు 21 నుండి 18కి తగ్గింది. కాబట్టి హాస్టలులో ఉన్న మన బిడ్డ దేశమును పాలించేవారిని ఎన్నుకోవడానికి పనికివస్తాడు. తాను తాగే నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడగాలో చెప్పడానికి మాత్రము పనికిరాడా?

నాయకుని ఎన్నుకోవడము వేరు, పనిని ఎన్నుకోవడము వేరు. మొదటిదానిలో మనిషిని చూస్తాము, కులము, పార్టీ, ఊరు అన్నీ అందులోకి వస్తాయి. రెండవదానిలో "ఈ డబ్బుతో ముందు ఏ పని చేయాలి?" అన్న ప్రశ్న ఒక్కటే ఉంటుంది. గ్రామసభ ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పటినుండి గ్రామసభకు రాజ్యాంగములో చోటు ఉన్నది. సభ సరిగా జరిగిన ఊరిలో ముందు సీసీ రోడ్డా, మురుగు కాలువా అని జనమే మాట్లాడుకుంటారు. బ్రెజిలు దేశములోని పోర్టో అలెగ్రె నగరము 1989లో ఇదే పనిని పట్టణ బడ్జెట్టులో మొదలుపెట్టింది. పేటలవారీగా జనము కూడి, ఏ పనికి ముందు డబ్బు పెట్టాలో తామే చెప్పారు. ఆ పద్ధతి తరువాత అనేక దేశాలకు పాకింది.

అది చదువుల ప్రాంగణాలకు ఎలా వచ్చిందో రెండు ఉదాహరణలు చెప్తాము.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, బర్కిలీ ప్రాంగణములో 2007లో విద్యార్థులు ఒక ప్రశ్న మీద ఓటు వేశారు. ప్రాంగణములో నీరు, కరెంటు ఆదా చేసే పనులకు, చెత్త తగ్గించే పనులకు ఒక నిధి కావాలి; దానికోసం మనలో ప్రతి ఒక్కరము సెమిస్టరుకు 5 డాలర్లు ఇద్దామా, వద్దా? ఇద్దామని ఓటు వచ్చింది. ఆ నిధికి ప్రతిపాదన రాసి పెట్టే వీలు కల్పించారు. ఏది మంచిదో చూసి డబ్బు కేటాయించే కమిటీలో విద్యార్థులకు చోటు ఇచ్చారు. ఇక్కడ మనము గమనించవలసినది, వారు పైవారిని అడగకముందు తమ జేబులో చేయి పెట్టారు.

పోర్చుగల్ ప్రభుత్వము 2017లో ఉన్నత పాఠశాలల్లో ఇటువంటి పనినే చట్టబద్ధముగా మొదలుపెట్టింది. అక్కడ విశ్వవిద్యాలయముకంటే చిన్న వయస్సులోనే ఇది నేర్పాలని తలంచారు. విద్యార్థికి 1 యూరో చొప్పున బడికి డబ్బు వస్తుంది. పిల్లలు తక్కువగా ఉన్న బడికైనా 500 యూరోలకు తగ్గదు. ఐదుగురికి మించకుండా పిల్లలు కలిసి ఒక ప్రతిపాదన రాయవచ్చు. దానికి కనీసము 5 శాతము మంది తోటి విద్యార్థుల మద్దతు ఉండాలి. కొన్ని రోజులు దానిని గూర్చి బడిలో చర్చ జరుగుతుంది. మార్చి 24వ తేదీ ప్రాంతములో ఓటు. సొమ్ము చిన్నది. కాని ప్రతిపాదన, మద్దతు, చర్చ, ఓటు అన్న వరుస చూడండి. ఓటు అన్నిటికంటే చివర వస్తుంది.

మన బిడ్డలు చాలామంది ఇక్కడే తడబడతారు. ఒక సాయంత్రము కోపము వస్తుంది, అందరు వరండాలో చేరతారు, ఎవరో "చేతులెత్తండి" అంటారు, ఎత్తుతారు, మరునాడు వార్డెను గారు "దీనికి ఎంత ఖర్చవుతుంది?" అని అడిగితే ఒకరి ముఖము ఒకరు చూసుకుంటారు. అందువలన ఓటుకు ముందు జరగవలసిన పనులను మేము కొంచెము వివరముగా చెప్పదలచాము. మా సంఘములోని ఒక ఆడబిడ్డ అనుభవము ఇందుకు సహాయపడుతుంది.

ఆమె తండ్రి కౌలు రైతు. ఆమె ఒక విశ్వవిద్యాలయములో ఎం.ఎస్సీ. చదువుతున్న రోజుల్లో, ఒక సాయంత్రము ఆ తండ్రి కంగారుగా మా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, మా అమ్మాయి అక్కడ ఏవో సంతకాలు చేయిస్తోందంట. స్కాలర్‌షిప్పు ఆపేస్తే మా బతుకు ఏం కాను? మీరు కాస్త గట్టిగా చెప్పండి" అన్నాడు. మేము ఫోను కలిపి, ఇద్దరికీ వినబడేలా పెట్టాము.

"అయ్యగారండీ, నేను ఎవరితోనూ పోట్లాడటం లేదండీ" అన్నది ఆ అమ్మాయి. "లైబ్రరీ దగ్గర నుంచి మా హాస్టలు దాకా దారి చీకటండీ. ఆరు దాటితే ఆడపిల్లలం ఎవరం లైబ్రరీకి పోవడం లేదు. అబ్బాయిలు తొమ్మిది దాకా చదువుకుంటారు. దారిలో పద్నాలుగు స్తంభాలున్నాయి. ఐదింటికే లైట్లు వెలుగుతున్నాయి. ఆ సంగతే కాగితం మీద రాస్తున్నామండీ."

తండ్రి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "లెక్కపెట్టావా?" అన్నాడు.

"రెండు రాత్రులు లెక్కపెట్టాం నాన్నా."

"బల్బులు పోయినాయా, వైరు పోయిందా? బల్బయితే ఒక ఖర్చు, వైరయితే ఇంకొక ఖర్చు. ఊరకనే లైట్లు లేవని రాస్తే వాళ్లకేం తెలుస్తుంది?"

పొలములో మోటారు కాలిపోయిన ప్రతిసారీ తానే చూసుకొనే మనిషి ఆయన. మమ్ములను గట్టిగా చెప్పమని వచ్చిన ఆయనే ఆ రోజు బిడ్డకు పావుగంట పాఠము చెప్పాడు. ఆమె విశ్వవిద్యాలయ ఎలక్ట్రీషియనును అడిగితే, తొమ్మిదింటిలో ఆరింటికి బల్బులు మాత్రమే మార్చాలనీ, మూడింటికి భూమిలోని వైరు పాడైందనీ తెలిసింది. ప్రతిపాదనలో ఆ రెండూ వేరు వేరుగా రాశారు.

దీనినుండి మూడు సంగతులు నేర్చుకోవచ్చు. మొదటిది, లెక్క. "చాలా ఇబ్బందిగా ఉంది" అన్న మాటకు అధికారి తల ఊపి ఊరుకోవచ్చు. "పద్నాలుగింటిలో తొమ్మిది వెలగడము లేదు" అంటే ఊరుకోవడము కష్టము. రెండవది, ఖర్చు. ఎంత అవుతుందో, అది ఏ పద్దులో వస్తుందో కనుక్కోవాలి. ఆఫీసులో గుమాస్తాను, ఎలక్ట్రీషియనును, మెస్సు వంటవారిని మర్యాదగా అడిగితే చెప్తారు. మనకు తెలియని సగము విషయము వారికే తెలుసు. మూడవది, ఆ పని ఎవరి చేతిలో ఉన్నదో తెలుసుకోవడము. వార్డెను చేయగల పనికి వైస్ చాన్సలరు గారి గుమ్మము ముందు కూర్చుంటే అది ధర్నా అవుతుంది గాని పని అవదు.

ఇక ఓటు. ఆ హాస్టలు అమ్మాయిలకు లైట్లు ఒక్కటే కాదు, ఇంకా రెండు కోరికలు ఉన్నాయి: హాస్టలులోనే చదువుకొనే గది కావాలని కొందరు, సాయంత్రము లైబ్రరీ నుండి బస్సు కావాలని కొందరు. మూడూ ఒకేసారి అడిగితే ఏదీ రాదని వారికి తోచింది. భోజనశాలలో మూడు రోజులు ఒక పెట్టె పెట్టి, చీటీల మీద రాయించారు. లైట్లు మొదట వచ్చాయి, చదువు గది రెండవది. బస్సు కావాలన్నవారు కూడా అదే కాగితము మీద సంతకము పెట్టారు.

చీటీలే ఎందుకు, చేతులెత్తితే చాలదా అని మీరు అడగవచ్చు. మేము వేదాంత విద్య చదివిన రోజుల్లో మా హాస్టలులో జరిగినది చెప్తాము. నెల ఖర్చు మొత్తమును తిన్నవారి లెక్కన పంచుకొనే పద్ధతి మాకు ఉండేది. విశ్వవిద్యాలయాల్లో దానిని డివైడింగ్ సిస్టమ్ అంటారు. ఒక సంవత్సరము పొదుపుగా నడిపినందువలన కొంత సొమ్ము మిగిలింది. దానితో రంగుల టీవీ కొందామని పై తరగతివారు అన్నారు. చేతులెత్తమంటే దాదాపు అందరివీ లేచాయి. అప్పుడు ఒక మూలనుండి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక సహోదరుడు లేచి, "అన్నా, చీటీల మీద ఒకసారి చూద్దాము" అన్నాడు. చీటీలు విప్పితే సగానికి పైగా "నీళ్ల ఫిల్టరు" అని ఉన్నది. ఆ ఏడాది మాలో చాలామంది కామెర్లతో పడుకొని లేచినవారే. పై తరగతివారి ముఖము చూసి చేతులు లేచాయి. చీటీ మీద మాత్రము మనస్సులోని మాట వచ్చింది. పై తరగతివారు నొచ్చుకున్నా, ఆ లెక్కకు తల వంచారు. ఫిల్టరు వారే బజారుకు వెళ్లి తెచ్చారు.

గ్రామాలనుండి వెళ్లిన మన బిడ్డలలో చాలామంది ఆ మూలన కూర్చొనేవారే. ఇంగ్లీషు ధారాళముగా రాదు, సభలో లేవడానికి బిడియము. రహస్యపు ఓటు వారికి గొంతు ఇస్తుంది. కనుక పెట్టె, చీటీ, లెక్కపెట్టేటప్పుడు ఇరుపక్కలవారు ఉండడము, ఫలితము గోడ మీద అంటించడము, ఇవన్నీ చిన్న సంగతులు కావు.

లెక్కపెట్టే పద్ధతిలో కూడా మెలకువ కావాలి. నూరుమంది ఉన్నారనుకుందాము. ఆటస్థలము బాగుచేయాలని 40 మంది, పాత హాస్టలులో మంచినీళ్ల యంత్రము పెట్టాలని 33 మంది, కొత్త హాస్టలులో పెట్టాలని 27 మంది ఓటు వేశారు. ఆటస్థలము గెలిచింది. కాని 60 మంది కోరినది నీళ్లే కదా! నీళ్ల ఓటు రెండుగా చీలిపోయింది. ఇందుకు మందు ఉన్నది. చీటీ మీద మొదటి కోరిక, రెండవ కోరిక రెండూ రాయించాలి. అన్నిటికంటే తక్కువ వచ్చినదానిని తీసివేసి, ఆ 27 మంది రెండవ కోరికలు చూడాలి. వారిలో 20 మంది పాత హాస్టలు నీళ్లనూ, 7 గురు ఆటస్థలమునూ రాసి ఉంటే, నీళ్లకు 53, ఆటస్థలముకు 47 అవుతాయి. అంతకంటే సులువు, ఓటుకు ముందే రెండు నీళ్ల ప్రతిపాదనలవారు కూర్చొని మాట్లాడుకోవడము. మాట్లాడుకొనే సమయము ఇవ్వకుండా పెట్టే ఓటు తొందరపాటు ఓటు.

అయితే ఓటుకు పెట్టకూడనివి కూడా ఉన్నాయి. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి ఒక్కడే ఉంటాడు. అతనికి వాలుదారి కట్టాలా, కొత్త క్యారమ్ బోర్డులు కొనాలా అని నూరుమందిని అడిగితే అతడు ఎప్పుడూ ఓడిపోతాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము విద్యాసంస్థల భవనాలు అటువంటివారికి అందుబాటులో ఉండాలి. అది అతని హక్కు, పదిమంది దయ కాదు. ఆడపిల్లల మరుగుదొడ్లు, ర్యాగింగు నుండి రక్షణ, మంచినీళ్లు కూడా ఈ కోవలోనివే. హక్కుగా రావలసినదానిని హక్కుగానే అడగాలి. మిగిలినవాటిలో ముందు ఏది, వెనుక ఏది అన్నదే ఓటు తేల్చవలసిన సంగతి.

అడగడానికి తలుపులు లేవా? ఉన్నాయి. యూజీసీ 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన నిబంధనల ప్రకారము ప్రతి ఉన్నత విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో ఒక విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితునిగా కూర్చుంటారు. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ తన నివేదిక పంపాలి. అక్కడ న్యాయము జరగలేదనిపిస్తే అంబుడ్స్‌పర్సను అనే అధికారికి చెప్పుకోవచ్చు. అదికాక, కాలేజీలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ సంస్థ చెప్పిన ప్రకారము నడిచే నాణ్యతా విభాగములో కూడా విద్యార్థుల ప్రతినిధికి చోటు ఉన్నది. బిడ్డలు చేరిన మొదటి నెలలోనే ఈ కమిటీల్లో ఎవరున్నారో నోటీసు బోర్డులో చూసి రాసిపెట్టుకోవాలి. వారిలో ఎవరికీ సగము మంది విద్యార్థుల పేర్లు తెలియవు. రాసి ఇచ్చిన కాగితము మాత్రము ఫైలులో ఉంటుంది. ఇచ్చిన ప్రతి కాగితముకు అందినట్లు సంతకము, తేదీ తీసుకోవాలి.

మా సంఘపు అమ్మాయి కాగితముకు ఏమైందో చెప్పలేదు కదా. పదిహేను రోజుల్లో ఆరు స్తంభాలకు బల్బులు వచ్చాయి. వైరు పాడైన మూడింటికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ వారు పదిహేను రోజులకొకసారి వెళ్లి మర్యాదగా గుర్తుచేస్తూ వచ్చారు. చదువు గదికి ఖాళీ గది లేదని రాతపూర్వకముగా జవాబు వచ్చింది. అయితే ఆ జవాబు ఇచ్చిన వార్డెనమ్మగారే, రాత్రి భోజనాలు అయిన తరువాత పదకొండింటి వరకు భోజనశాల తెరిచి ఉంచుతాను, అక్కడ చదువుకోండి అన్నారు. అడిగినదంతా రాలేదు. వచ్చినంతవరకు ఎవరిమీదా కేసు పడలేదు, ఎవరి స్కాలర్‌షిప్పూ ఆగలేదు, సాయంత్రము ఆరు దాటిన తరువాత ఆడపిల్లలు లైబ్రరీకి వెళ్లగలిగారు.

మన సంఘములకు ఇది పరాయి సంగతి కాదు. అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయములో మొదటి సంఘములో వచ్చిన సణుగుడు భోజనము పంచే విషయములోనిదే. కొందరు విధవరాండ్రకు సరిగా అందడము లేదని ఫిర్యాదు. పెద్దలు ఫిర్యాదు చేసినవారిని గద్దించలేదు. శిష్యులందరిని పిలిచి, తగినవారిని మీరే ఏర్పరచుకొమ్మన్నారు. మెస్సు సంగతి మాట్లాడినంత మాత్రాన బిడ్డ చెడిపోయాడని మనము అనుకోనక్కరలేదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఫోనులో హాస్టలు కష్టము చెప్పినప్పుడు "నీకెందుకు" అని ఆ మాటను అక్కడే తుంచివేయకండి. "లెక్కపెట్టావా? ఎంత ఖర్చవుతుంది? ఎవరి చేతిలో ఉంది? మిగిలినవాళ్లు ఏమంటున్నారు?" అని నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు పెద్ద చదువులు చదవకపోయినా, కాలువ నీళ్ల వంతు దగ్గర, డ్వాక్రా గుంపు పుస్తకము దగ్గర ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి ఆరితేరినవారే.

యౌవనస్థులారా, మీకు ఒక మాట. ఓటులో ఓడిపోయిన రోజున మీరు ఎలా ఉంటారో, గెలిచిన రోజున ఎలా ఉంటారో అందరూ చూస్తారు. ఓడితే పక్కకు తప్పుకోకండి, గెలిచినవారి పనిలో చేయి వేయండి. గెలిస్తే ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికి రసీదు పెట్టి, లెక్క గోడకు అంటించండి. వచ్చే ఏడాది మీరు అక్కడ ఉండరు. ఆ లైట్ల కింద నడిచేది మీకు తెలియని ఎవరి బిడ్డో.

మా వంతుగా ఈ వేసవిలో మేము ఒక చిన్న పని తలపెట్టాము. యౌవనస్థుల కూటము పెట్టెలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో ఏమి చేయాలో మేము చెప్పము. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డలే ప్రతిపాదనలు రాసి, ఖర్చు కనుక్కొని, రెండు ఆదివారాలు మాట్లాడుకొని, మూడవ ఆదివారము చీటీ వేస్తారు. మీ సంఘములలో కూడా చేసి చూడండి. వంద రూపాయల దగ్గర నేర్చుకున్న బిడ్డ లక్ష రూపాయల దగ్గర తడబడడు.